బరువెక్కిన నీళ్ళు

జూలై నెలలో గంగన్న పని పొద్దున ఐదింటికే మొదలయ్యేది. ఇండస్ట్రియల్ ఏరియాలోని నీళ్ళ కంపెనీ గోడౌన్ ముందు డ్రైవరు ఓబులయ్య చిన్న లారీని వెనక్కి తిప్పి పెట్టేవాడు. ఇరవై లీటర్ల బాటిళ్ళు ఒక్కొక్కటే గంగన్న భుజం మీదుగా లారీ ఎక్కేవి. పదింటి నుంచి ఎండలో పని బంద్ కాబట్టి, అంతలోపే దోహాలో ఉమ్ ఘువైలినా పేటలోని పాత బిల్డింగులన్నీ ఎక్కి దిగాలి. చాలావాటికి లిఫ్ట్ లేదు. ఉన్నచోట అది పని చేయదు.

గంగన్నది మెట్‌పల్లి పక్క ఊరు. వయసు యాభై మూడు. ఖతర్‌కొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. అన్నేళ్ళూ మోసింది నీళ్ళే. కుడి భుజం ఎడమ దానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. ఓబులయ్యది రాయచోటి వైపు. అతను గంగన్నకన్నా పదేళ్ళు చిన్న. ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా చేసి చేసి, ఆ ఇంటి పిల్లలు పెద్దయి కార్లు కొనుక్కున్నాక ఈ కంపెనీలో చేరాడు.

ఇరవై లీటర్ల నీళ్ళు ఇరవై కిలోలు తూగాలి. నీళ్ళు బాగుంటే అంతే తూగేవి. బాగాలేకపోతే బరువెక్కేవి. ఎండలో నాలుగు రోజులు మరిచిపోయిన బాటిల్ ఒక కిలో పెరిగేది. పాత తేదీ మీద కొత్త తేదీ స్టిక్కర్ అంటించినది రెండు కిలోలు పెరిగేది. ఒకసారి అల్ దోహా అల్ జదీదాలో, పావురం పడి చచ్చిన ట్యాంకులోంచి తోడిన ఒక్క బకెట్‌ను ఇద్దరు నేపాలీలు కర్రకు తగిలించి మోసుకెళ్తుంటే గంగన్న పక్కకు జరిగి దారిచ్చాడు. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. కంపెనీ పాత యజమాని బతికున్నన్నాళ్ళు రోజూ మొదటి బాటిల్‌ను గంగన్న చేత ఎత్తించి, తేలికేనా అని అడిగేవాడు. గంగన్న తలూపాకే లారీ గేటు దాటేది. ముసలాయన పోయాక కంపెనీ కొడుకు చేతికొచ్చింది; ఇప్పుడు అర్బాబ్, అంటే యజమాని, అతనే. కొడుకు ఎండాకాలమంతా చల్లని దేశాల్లో ఉంటాడు. కంపెనీకి అతని గొంతే తప్ప మొహం తెలియదు.

ఆ జూలైలో ఫిల్టర్ మిషన్ చెడిపోయింది. కొత్త సామాను ఓడలో రావడానికి పది పన్నెండు రోజులు పడుతుందన్నారు. ఎండలకు గిరాకీ చూస్తే రెట్టింపుగా ఉంది. మూడో రోజు పొద్దున, తోటలకు నీళ్ళు పోసే ట్యాంకర్ ఒకటి వెనక గేటు నుంచి లోపలికొచ్చింది.

ఆ పొద్దున మొదటి బాటిల్ గంగన్న ఒంటిచేతికి లేవలేదు. రెండు చేతులేసి, మోకాలు ఊతమిచ్చి లేపాడు.

"సాబ్, ఇవి ముప్పయ్యయిదు కిలోలున్నయి," అన్నాడు సూపర్‌వైజర్‌తో.

సూపర్‌వైజర్ బుర్హానుద్దీన్ హైదరాబాద్ మనిషి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రిజిస్టర్ మీద సంతకాలు పెడుతున్నాడు. "తెల్సు భాయ్. నూట ఇరవై ఎక్కించకుండ్రి. డెబ్బై ఎక్కించి రెండు ట్రిప్పులు కొట్టుండ్రి."

"నేను బరువు గురించి చెప్తలేను సాబ్."

బుర్హానుద్దీన్ ఫోను కిందపెట్టాడు. అతని కళ్ళ కింద నల్లగా ఉంది. "నాకు తెల్వదా? అర్బాబ్‌కు చెప్పిన. పది దినాలే, ఖలాస్ అన్నడు. నేను గూడ నౌకర్నే గదా గంగన్న భాయ్. యల్లా, ఎండొస్తుంది."

లారీ స్ప్రింగులు కిర్రుమన్నాయి. దారంతా ఓబులయ్య రేడియో పెంచుకుని తోలాడు. మూడో గేరు దాటితే బండి లాగడం లేదు.

ఉమ్ ఘువైలినాలో చివరి బిల్డింగ్ నాలుగో అంతస్తులో జకియా ఉండేది. కరీంనగర్ పిల్ల. మొగుడు పెద్ద హోటల్లో వంటమనిషి, ఎప్పుడూ డ్యూటీలోనే. నాలుగు నెలల కొడుకు. ఆపరేషన్ కాన్పు కావడంతో బరువులెత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని గంగన్నే బాటిల్ లోపలికి తెచ్చి స్టాండు మీద బోర్లించి పోయేవాడు. వాళ్ళ తాతది మెట్‌పల్లేనని తెలిసినప్పటి నుంచి ఆమె అతన్ని కాకా అనేది.

ఆ రోజు గంగన్న మొదటి అంతస్తు మెట్ల మీద ఒకసారి కూర్చున్నాడు. రెండో అంతస్తులో రెండుసార్లు. మూడో అంతస్తు దాటాక బాటిల్‌ను ఒక్కో మెట్టు మీదికి జరుపుకుంటూ ఎక్కాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

జకియా పిల్లవాణ్ణి భుజానేసుకుని తలుపు తీసింది. "ఇయ్యాల లేటయింది కాకా. ఎట్లున్నయి నీళ్ళు?"

ప్రతి ఇంట్లో అడిగే ప్రశ్నే. బరువుగున్నయి అంటే ఆమె వద్దంటుంది. వద్దంటే ఆ బాటిల్ మళ్ళీ నాలుగంతస్తులు దించాలి. గంగన్న మెట్లవైపు చూశాడు.

"మంచిగనే ఉన్నయి బిడ్డా," అన్నాడు. "తేలికనే ఉంది."

బాటిల్ స్టాండు మీద పెట్టేటప్పుడు ఆమె వంటింట్లో పాలడబ్బా మూత తీస్తోంది. ఆమె చూడకముందే అతను గోడకు చేయి ఆనించి, ఊపిరి సర్దుకుని, వచ్చేశాడు.

ఐదు రోజుల తరవాత వెళ్ళేసరికి ఆ తలుపుకు తాళం ఉంది. ఎదురింటి మలయాళీ ఆవిడ చెప్పింది, హిందీలో. పిల్లవాడికి రెండు రోజులుగా వాంతులూ విరేచనాలూ ఆగలేదట. కళ్ళు తేలేస్తే అంబులెన్స్‌లో తీసుకెళ్ళారట. తల్లి కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా వెళ్ళిందట.

గంగన్న కిందికి దిగి లారీలో కూర్చున్నాడు. ఓబులయ్య ఇంజన్ స్టార్ట్ చేసి, అతని మొహం చూసి ఆపేశాడు.

"ఏమైంది గంగన్నా?"

గంగన్న చెప్పాడు. ఆ రోజు ఏమన్నాడో కూడా చెప్పాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఓబులయ్య అంతా విన్నాడు.

"నేను మాత్రం ఏం ఉద్ధరించినా?" అన్నాడు చివరికి. "ఆరు దినాలుగా ఈ బండి లాగలేక ఏడస్తాండాది. నేను రేడియో పెంచుకోని తోల్తాండా."

మర్నాడు పొద్దున బాటిల్ నలభైనాలుగు కిలోలకొచ్చింది. గంగన్న బుర్హానుద్దీన్ దగ్గరికెళ్ళి పిల్లవాడి సంగతి చెప్పాడు. బుర్హానుద్దీన్ కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"మొన్న బలదియా మున్సిపాలిటీ వాళ్ళు సాంపిల్‌కు వచ్చినప్పుడు," అన్నాడు నెమ్మదిగా, "బజార్ల కొన్న నీళ్ళు మన బాటిల్ల పోసి ఇచ్చిన. ఈ చేతుల్తోనే. నన్నడిగి ఫాయిదా లేదు భాయ్. నేను ఎప్పుడో మునిగిపోయిన." కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "మీరు ఏ తొవ్వకు పోతరో నేను చూడ."

అది అనుమతో బెదిరింపో గంగన్నకు అర్థం కాలేదు.

ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఊళ్ళోకి రెండు దారులు. లోపలి వీధుల్లోంచి వెళ్తే ఎవరూ ఆపరు. ఆరు రోజులుగా ఆ దారినే పోతున్నారు. పెద్ద రోడ్డు మీద వెళ్తే లారీలు తూచే కాంటా ఉంది. మలుపు దగ్గర ఓబులయ్య బండి ఆపాడు.

"నీ లైసెన్స్ పోతదేమో తమ్మీ," అన్నాడు గంగన్న. "ఆలోచన జేస్కో. నేను దిగి నడిచిపోయి చెప్తా."

"చెప్తే ఎవరు వింటారప్పా? నీళ్ళు ఆడికి రావాల గదా." ఓబులయ్య ఇండికేటర్ వేసి పెద్ద రోడ్డు వైపు తిప్పాడు.

కాంటా దగ్గర డ్యూటీలో ఉన్నది ఒక సూడానీ ఆఫీసరు. ఖాళీ లారీ బరువు తీసేస్తే, డెబ్బై బాటిళ్ళకు పద్నాలుగు వందల కిలోలు రావాలి. కాంటా తెర మీద అంకె మూడు వేల ఎనభై దగ్గర ఆగింది. ఆఫీసరు బయటికొచ్చి లారీ చుట్టూ తిరిగాడు. బాటిళ్ళు తప్ప వేరే సామాను లేదు. ఒక బాటిల్ మెడ పట్టుకుని ఎత్తబోయాడు. సగం లేపి దించేశాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇళ్ళకా?" అని అడిగాడు.

"ఇళ్ళకే సార్. పిల్లలున్న ఇళ్ళు గూడ ఉన్నయి," అన్నాడు గంగన్న, తనకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి.

ఆఫీసరు కంప్యూటర్ దగ్గర కూర్చుని, ఫారంలో కారణం రాసే చోట 'నీళ్ళు బరువు' అని టైపు చేసి, ఫోను తీశాడు. అరగంటలో బలదియా కారు వచ్చింది. చేతి తొడుగులేసుకున్న ఇద్దరు మనుషులు సీసాల్లోకి నీళ్ళు పట్టి సీలు వేశారు. ఈసారి నీళ్ళు మార్చడానికి మధ్యలో ఎవరూ లేరు. మధ్యాహ్నానికే గోడౌన్ మూసేశారు. ల్యాబులో ఏం తేలిందో నాలుగో రోజు గేటుకు అంటించిన కాగితంలో ఉంది. చదివినవాళ్ళెవరూ గట్టిగా చదవలేదు.

ఓబులయ్యకు ఒక పాల కంపెనీలో డ్రైవరు పని దొరికింది. బుర్హానుద్దీన్‌ను బలదియా వాళ్ళు మూడు రోజులు పిలిచి అడిగారు. తరవాత అతను కూలీలుండే క్యాంపుకొచ్చి గంగన్న మంచం మీద కూర్చున్నాడు. తిడతాడేమోనని గంగన్న ఎదురుచూశాడు. "అంతా చెప్పేసిన," అన్నాడతను. "నిన్న మస్తు నిద్ర పట్టింది భాయ్." అంతే, లేచి వెళ్ళిపోయాడు.

గంగన్న ఇంటికి ఫోన్ చేశాడు. "దుబాయ్‌ల గూడ నీళ్ళు ఖరాబేనా?" అని ఆశ్చర్యపోయింది భార్య. పద్దెనిమిదేళ్ళయినా ఆమెకు ఖతర్ దుబాయే. "సాలు తియ్. వచ్చెయ్యి ఇగ. ఎంత మోస్తవ్?" అతనికీ అదే సరి అనిపించింది. పెట్టె సర్దడం మొదలుపెట్టాడు.

పోయే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక సాయంత్రం ఉమ్ ఘువైలినాకు బస్సులో వెళ్ళి, నాలుగంతస్తులు ఖాళీ చేతుల్తో ఎక్కాడు. అలా ఎక్కడం అతనికి అదే మొదటిసారి. అయినా ప్రతి అంతస్తులోనూ ఆగాడు.

తలుపు జకియానే తీసింది. పిల్లవాడు భుజం మీద ఉన్నాడు, బాగా చిక్కిపోయి. తల మీద ఒకచోట వెంట్రుకలు గొరిగి ఉన్నాయి.

"కాకా! కంపెనీ బంద్ అయిందట గదా?"

"అయింది." గంగన్న గడప అవతలే నిలబడ్డాడు. "ఆ దినం నీకు అబద్ధం చెప్పిన బిడ్డా. ఆ నీళ్ళు మస్తు బరువుండె. మళ్ళ కిందికి మోసుకపోవుడు నాతోని కాలే. అందుకే తేలికున్నయని చెప్పిన."

పిల్లవాడి వీపు మీద జకియా చేయి నిలిచిపోయింది.

"చేతుల నరం దొరకలే కాకా," అంది. "తలకు సూది పెట్టిన్రు. నాలుగు దినాలు. వాడు ఏడ్వడానికి గూడ శాతగాక చూస్తుండె."

గంగన్న తల వంచుకున్నాడు. ఏమన్నా పడదామనే వచ్చాడు. ఆమె పిల్లవాణ్ణి ఇంకో భుజానికి మార్చుకుంది. గది మూలలో కొత్త కంపెనీ బాటిల్ ఉంది, మూత తీయకుండా.

"పొద్దుగాల ఇచ్చిపోయిన్రు," అంది అటు చూసి. "తాపాల్నో వద్దో తెలుస్తలేదు. నువ్వు ఎత్తి చూసి చెప్తవా?"

"నా మాట నమ్మకు బిడ్డా. ఎత్తొద్దు గని, జర వంచి చూడు. నీ చేతికే తెలుస్తది."

ఆమె పిల్లవాణ్ణి అతని చేతికిచ్చింది. బాటిల్ మెడ పట్టుకుని ఒక పక్కకు వంచింది. ఇంకోసారి వంచింది. "ఇది మంచిదే," అంది తనలో తానే. మూతకున్న సీలు చించింది.

అప్పుడే గంగన్న జేబులో ఫోను మోగింది. పిల్లవాడు నిద్రపోతున్నాడు. ఒక చేత్తోనే తీసి, స్పీకరు పెట్టి మాట్లాడాడు. కాంటా దగ్గరి సూడానీ ఆఫీసరు, ఆ రోజు ఫారంలో రాసుకున్న నంబరుకు చేశాడు. బలదియా వాళ్ళు ఎండాకాలమంతా ఊరూరా నీళ్ళు తనిఖీ చేస్తున్నారట. ల్యాబుకు పంపేలోపు ఏది పంపాలో తెలిసిన చేయి ఒకటి కావాలట. వస్తావా అని అడిగాడు. ఇంటికి పోతున్నానని చెప్పబోయి, రేపు చెప్తానన్నాడు గంగన్న.

జకియా పిల్లవాణ్ణి వెనక్కి తీసుకుంది. అంతా విన్నది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

"పో కాకా," అంది. "పని ఒప్పుకో. ఇంటికి తర్వాత పోవచ్చు."

వారం తరవాత ఒక పొద్దున, అల్ తుమామాలో ఒక పెద్ద దుకాణం వెనక గోడౌన్లో ఇద్దరు ఆఫీసర్లు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. బాటిళ్ళు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. గంగన్న తువ్వాలు నడుముకు చుట్టుకుని మొదటి బాటిల్ కింద చేయి పెట్టాడు. లేపి దించాడు. ఆఫీసర్ల వైపు చూసి అడ్డంగా తల ఊపాడు. వాళ్ళు రాసుకున్నారు. నడుం మీద చేయి వేసుకుని ఒక క్షణం ఊపిరి పీల్చుకుని, అతను పక్క బాటిల్‌కు వంగాడు.