ఐదు లెక్కపెట్టేలోపు

మా ఎడారి ఊరు ట్యూసన్‌లో వేసవిలో కొండెక్కాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. డెల్ఫీనాకు కాబోయే మొగుడు గారెట్ మాత్రం దారిలో కాఫీ కోసం బండి ఆపించి మమ్మల్ని గంట ఆలస్యం చేశాడు. ఒంటి మీద జేబులే పదహారు, చేతుల్లో రెండు కర్రలు, మణికట్టుకు ఎత్తు చూపించే గడియారం. ఇంత సరంజామా ఉన్న మనిషి నీళ్లు మాత్రం అర సీసా తెచ్చుకున్నాడు.

"వచ్చే నెల్లో పెళ్లి. ఓసారి దగ్గర్నుంచి చూసి, నీకేమనిపించిందో చెప్పవే మారిసెలా," అని డెల్ఫీనా నన్ను పిలిచింది. కొండ మొదట్లోనే చెప్పేసేదాన్ని. స్నేహం చెడుతుందని నోరు మూసుకున్నాను.

ఎనిమిదికల్లా రాళ్లు కాలడం మొదలైంది. డెల్ఫీనా పదకొండేళ్లుగా పెంచుకుంటున్న కుక్క పింటో కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి పెడుతోంది. నేను చెయ్యి తిరగేసి బండకు ఆనించాను. ఐదు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కుక్కను నడిపించకూడదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను మూడుకే తీసేశాను.

"దిగిపోదాం," అన్నాను.

"నీ చెయ్యి సుకుమారంలే," అని గారెట్ నవ్వి, పింటో తాడు లాగాడు. "డెల్ఫీ, నువ్వే దీన్ని గారాబం చేసి చెడగొట్టావు. కాస్త కాలితే అదే గట్టిపడుతుంది. రేపు మన పిల్లల్ని కూడా ఇలాగే పెంచుతావా ఏంటి?"

డెల్ఫీనా అతని చేతిలోంచి తాడు లాక్కుంది. కూర్చుని బూట్లు విప్పి, తన మేజోళ్లు పింటో ముందుకాళ్లకు తొడిగింది. నావి వెనక కాళ్లకు తొడిగాం. ఆ వెధవ సాయం చెయ్యకపోగా ఫొటో తీశాడు! శిఖరం చూడకుండా దిగేది లేదని పైకి పోయాడు. పీడా పోయిందనుకుని, పింటోను మార్చి మార్చి ఎత్తుకుని దిగాం.

గంట తర్వాత కాళ్లీడ్చుకుంటూ వచ్చి, బండి దగ్గరున్న కుళాయి కింద తల పెట్టి కడుపు నిండా తాగాడు.

"పైనుంచి ఎంత బావుందో! మీకే అదృష్టం లేదు," అన్నాడు.

"చెయ్యి ఇలా తే," అంది డెల్ఫీనా. అతని చెయ్యి తిరగేసి, పక్కనున్న బండకు ఆనించి లెక్కపెట్టింది. "ఒకటి... రెండు..."

"అబ్బా! పిచ్చా నీకు?" అని గారెట్ చెయ్యి లాక్కున్నాడు.

"రెండు," అంది డెల్ఫీనా. అతను కూర్చుని వచ్చిన ముందు సీట్లో పింటోను కూర్చోబెట్టి తలుపు వేసింది. "ఇంకో బండి పిలిపించుకో. పెళ్లి లేదని మీ అమ్మకు నువ్వే చెప్పుకో."

నేను వెనక సీట్లో కూర్చున్నాను. నాకేమనిపించిందో డెల్ఫీనా అడగలేదు. అడక్కపోయినా ఇంటిదాకా చెబుతూనే ఉన్నాను.