గోధుమ లేని అరవై రోజులు

దొరాయ్ అరవై రోజులుగా రొట్టెల కొట్టులో గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటోంది. కూర్చోవడం ఆమె పని కాదు. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి పాతికేళ్లు ఆమె నిలబడింది పొయ్యి ముందే. తండ్రి పోయే ముందు తాళాలు పెద్దకూతురు మిలాయ్‌కీ, రొట్టెలు తీసే చెక్కపార దొరాయ్‌కీ అప్పజెప్పాడు. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో ఆ కొట్టు పండెసాల్ అనే మెత్తటి గుండ్రొట్టెల కోసం మూడు వీధుల అవతల నుంచి కూడా జనం వస్తారు.

పార చేజారడానికి కారణం ఆమే. ఈస్టరు ముందు ఒకే వారంలో రెండు వాయలు మాడ్చింది. రెండోసారి ఎవరో మరిచిపోయిన గొడుగు ఇచ్చివద్దామని వీధిలోకి వెళ్లి, చేపల బండి దగ్గర కబుర్లలో పడింది. పొగ చూసి పరుగెత్తుకొచ్చి మోచేయి కాల్చుకుంది.

ఆమెకున్నది ఏకాగ్రత లోపమని డాక్టరమ్మ అంతకు ఏడాది ముందే తేల్చింది. మాత్ర రాసిచ్చి, అది ఆకలిని చంపుతుంది కాబట్టి పొద్దున్నే గుడ్డో చేపో కడుపులో పడాలనీ, పూట తప్పకూడదనీ చెప్పింది. దొరాయ్ మాత్రను గుర్తుపెట్టుకుంది, గుడ్డును మరిచిపోయింది.

మోచేయి కాలాక మిలాయ్ భయపడిపోయింది. ప్రార్థన బృందంలో ఒకావిడ, గోధుమలోని గ్లూటెన్ మెదడుకు మబ్బు పట్టిస్తుందని ఆమె చెవిన వేసింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, గోధుమ పడని పేగుజబ్బు దొరాయ్‌కి లేదని చెప్పినా మిలాయ్ వినలేదు. అరవై రోజులు గోధుమ ముట్టొద్దంది, పిండి గాలి కూడా పీల్చొద్దంది. పొయ్యి దగ్గరికి కొత్త మనిషిని తెచ్చింది. చెల్లెలికి వేరే పెనం, వేరే కంచం పెట్టింది. తప్పు చేసిన మనిషి కాబట్టి దొరాయ్ తల వంచింది.

పొద్దున ఆరు కొట్టగానే అన్నం, గుడ్డు, ఎండుచేప. మధ్యాహ్నం కూరగాయలు, సోయా సాస్, వెనిగర్‌లో ఉడికించిన కోడి అడోబో. మిలాయ్ స్వయంగా వండి, కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. నెల తిరిగేసరికి దొరాయ్ చిల్లర లెక్క తప్పడం మానేసింది. గల్లాపెట్టె తాళంచెవి పోగొట్టలేదు. మిలాయ్ వచ్చినవాళ్లందరికీ చెల్లెల్ని చూపించి, గోధుమ మాన్పించాను, మనిషైంది, అని చెప్పుకునేది.

రోజూ రొట్టెలు కొనే పాచింగ్ అవ్వ ఒక్కతే మురిసిపోలేదు. కొత్త మనిషి చేసిన రొట్టెను వేళ్లతో నొక్కి చూసి, "ఇది పండెసాలా, తలుపు కింద పెట్టుకునే చెక్కా?" అనేది.

అరవయ్యో రోజు వంటింట్లో అడోబో పొయ్యి మీద పెడుతూ మిలాయ్ తన నిర్ణయం చెప్పింది. సోమవారం నుంచి పార కొత్త మనిషికే, శాశ్వతంగా. దొరాయ్ ఇంకెప్పుడూ పిండి ముట్టనక్కర్లేదు. అంతలో సోయా సాస్ నిండుకుంటే, సీసా తెమ్మని చెల్లెల్నే వీధి చివరి కొట్టుకు పంపింది.

తేవాల్సింది తెచ్చేలోపు చూడనక్కర్లేనివన్నీ చూడటం దొరాయ్ బుద్ధి. దారి పొడుగునా సీసా వెనక చీమతలలంత అక్షరాలు చదువుకుంటూ వచ్చింది. మూడో మాట దగ్గర రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక ట్రైసికిల్ అతను ఓపిగ్గా రెండుసార్లు హారన్ కొట్టి, పక్కనుంచి పోయాడు.

సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"వెనకాల చదువు, మనాంగ్," అంది అక్కతో.

"కళ్లద్దాలు కొట్టులో ఉన్నాయి. నువ్వే చెప్పు."

"నీళ్లు, సోయా, గోధుమ, ఉప్పు."

మిలాయ్ సీసాను దీపం వైపు తిప్పి చూసింది. పుట్టినప్పటి నుంచి వాడుతున్నారు. ఆ ఇంట్లో సోయా సాస్ అంటే ఉప్పులాంటిది, దాన్ని తిండిగా ఎవరూ లెక్కపెట్టలేదు.

"చుక్క సాసుకేం అవుతుందే, ఇండాయ్?" అంది చెల్లెలితో.

"రొట్టె తునక తగిలిందని నా కంచం మూడుసార్లు కడిగావు. ఆ లెక్కన అరవై రోజులూ నువ్వే నాకు గోధుమ పెట్టావు."

"మరి బాగుపడ్డావు కదా. ఊరికే బాగుపడతారా?"

"ఊరికే కాదు. మాత్ర మింగిన ప్రతిరోజూ కడుపులో గుడ్డు ఉంది. ఆరింటికి నువ్వు నా నెత్తిన నిలబడ్డావు. పాతికేళ్లు ఉత్త కాఫీతో పనిచేశాను, అది ఎవరికీ తప్పనిపించలేదు. గోధుమ మీద పెట్టకు, మనాంగ్. నాన్న మనిద్దర్నీ సాకింది దాంతోనే."

మిలాయ్ చూపు చెల్లెలి మోచేతి మచ్చ మీద ఉంది.

"మళ్లీ కాలితే?"

"గంట కొట్టే గడియారం పెట్టుకుంటాను. నువ్వు ఆరింటికి తినమని కేకెయ్యి. అయినా కాలితే మందు రాసుకుంటాను. పార మాత్రం ఇవ్వను."

అడోబో కోసం ఆగకుండా లేచి పొయ్యి దగ్గరికి నడిచింది. కొత్త మనిషి అడక్కముందే పార అందించాడు. పాచింగ్ అవ్వ నోటి నుంచి తప్పించుకున్నందుకు అతనికి ప్రాణం లేచొచ్చినట్టుంది, ఇకమీదట సైకిల్ మీద రొట్టెలు చేరవేసే పనైతే తనకే ఇమ్మన్నాడు.

మధ్యాహ్నపు వాయ లోపలికి వెళ్లాక దొరాయ్ కిటికీలోంచి వాన చూస్తూ నిలబడింది. ఎంతసేపో ఆమెకు తెలియదు. పిండిబల్ల మీద పెట్టుకున్న గడియారం గంట కొట్టింది. ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి పార లోపలికి తోసింది. పండెసాల్ తేనెరంగులో బయటికొచ్చాయి.

వెనక అడుగుల చప్పుడు. మిలాయ్ ఒక పళ్లెం పిండిబల్ల మీద పెట్టింది. అందులో ఒలిచిన ఉడకబెట్టిన గుడ్డు ఉంది, అరవై రోజులుగా వాడుతున్న ఆ వేరే కంచం కాదు, అందరి పళ్లెం.

"మధ్యాహ్నం తినలేదు నువ్వు," అంది.

దొరాయ్ వేడి రొట్టెను చేత్తో చీల్చి, గుడ్డును మధ్యలో పెట్టి నొక్కి, అక్క కళ్లలోకి చూస్తూ కొరికింది.