నిచ్చెన పట్టుకునే మనిషి

జొన్నరొట్టె కాలుస్తుంటే ఫోన్ మోగింది. నిర్మలమ్మ టీచర్. "పూజా, ఏసీ మళ్ళ సల్లగైతలేదు. మీ ఆయన మొన్ననే గ్యాస్ నింపిండు గదా!"

ఈ ఫోన్ వస్తుందని నాకు తెలుసు. గ్యాస్ నింపిన రోజు నిచ్చెన పట్టుకుని నిలబడింది నేనే.

మక్తల్‌లో మా ఇంటి ముందు గదే మా ఆయన గిరి ఏసీ రిపేరు దుకాణం. ఏసీలుండేది పడకగదుల్లో. ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లో పరాయి మగవాణ్ణి అంత లోపలికి రానివ్వరు కాబట్టి నన్ను వెంట తీసుకెళ్తాడు. మంచం మీద దుప్పట్లు తీయడం, ఏసీలో దుమ్ము పట్టిన జాలీలు కడగడం, నేల తుడవడం నా వంతు. "నా పెండ్లాం తోడొస్తది" అంటాడు. పని చేస్తది అని ఒక్కనాడూ అనలేదు.

పోయిన చలికాలం పాలమూరులో ఆడవాళ్ళకు ఏసీ పని నేర్పుతున్నారంటే పోట్లాడి మరీ వెళ్ళాను, రోజూ వంట ముగించి బస్సెక్కి. "ఆడిది నిచ్చెనెక్కితే సూసేటోళ్ళు నవ్వరా?" అంది మా అత్త నర్సింగమ్మ. "పోనియ్యే అమ్మా, జాలీలన్న జర మంచిగ కడుగుతది" అని గిరి నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ నామీద నాకే మంట.

గ్యాస్ దానంతటది తరగదు, తగ్గిందంటే ఎక్కడో కారుతోందని పాలమూరులో మొదటి రోజే చెప్పారు. సబ్బు నురుగు పూసి ఆ చోటు పట్టుకోవాలి, బిగించాలి, పైపుల్లోని గాలంతా పంపుతో లాగేయాలి. ఆ తర్వాతే గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. టీచర్ ఇంట్లో అదే చెప్పబోయాను. "ఇంక శానా ఇండ్లు తిరగాలె. సప్పుడు చెయ్యక నిచ్చెన పట్టుకో" అన్నాడు, ఆమె ముందే. పట్టుకున్నాను. ఆనాటి నుంచి నా చేతులకు కుదురు లేదు. గిన్నెలు తోముతూ నురుగు చూసి ఆగిపోతాను. నిద్ర లేవగానే టీచర్ ఇంటి గోడ మీది ఏసీ పైపు, దాని నట్టు కళ్ళ ముందుకొస్తాయి.

"ఎవలు?" అన్నాడు గిరి తింటూనే.

"నిర్మలమ్మ టీచర్."

"మాపటికి వస్తమని చెప్పు. ఇంత గ్యాస్ కొడితే అయిపోతది."

పెనం మీది రొట్టె ఆయన పళ్లెంలో వేసి పొయ్యి ఆపేశాను. "టీచరమ్మా, ఇప్పుడే వస్తున్న. కారే జాగ దొరికినంకనే గ్యాస్ నింపుత" అని ఫోన్ పెట్టేశాను. దుకాణంలోంచి పంపు, గ్యాస్ బండ, తూకం మిషన్ తెచ్చి స్కూటీకి కట్టాను. గిన్నెల సబ్బు ఒక సీసాలో కలుపుకున్నాను.

"నువ్వా?" గిరి చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉంది.

"తిన్నంక నిచ్చెన తీస్కోని రా" అన్నాను చెప్పులు వేసుకుంటూ. "నేనెక్కుత. నువ్వు కింద పట్టుకుందువు."