జూన్ పూత

వసంతంలో బేరి తోట పూస్తే సింట్-ట్రుయిడెన్ ఊరి చుట్టుపక్కల అందరికీ పండగే. ఆ పూత రాలి, పిందెలు బొటనవేలంత అయ్యాక, జూన్‌లో అక్కడొకటి ఇక్కడొకటి మళ్ళీ పూసే పువ్వులుంటాయే, వాటిని చూస్తే మాత్రం రైతుకు ఒళ్ళు మండుతుంది. చెట్టును కాల్చినట్టు మాడ్చేసే నిప్పు తెగులు దూరేది ఆ పువ్వుల్లోంచే. కంచెలో ఏ రోగిష్టి ముళ్ళపొద మీదో వాలిన తేనెటీగ వచ్చి ఈ పువ్వు మీద వాలితే చాలు, చెట్టుకు కాలం మూడినట్టే. అందుకే జూన్ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ తోటలో పడి పువ్వన్నది కనబడకుండా గిల్లేస్తారు.

ఆ పనిలో ఒడీల్‌ను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. మగవాళ్ళు ముగ్గురు చూసి వదిలేసిన చెట్టులో కూడా ఆకు చాటునున్న పువ్వు ఆమె కంటబడేది. "మీ ఆవిడ తోటలోకి వస్తుంటే మొగ్గలు భయపడి ముడుచుకుంటాయిరా," అని పక్క తోట లియాన్ ఆమె మొగుడు హ్యూబెర్ట్‌ను ఏడిపించేవాడు.

ఆ ఏడు ఒడీల్ మంచం దిగలేదు. కడుపులో జబ్బు ముదిరిపోయింది, ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. హ్యూబెర్ట్ ముందు గదిలో కిటికీ పక్కన ఆమె మంచం వేశాడు. తోట కనబడుతుంటే నాలుగు ముద్దలు తింటుందని వాడి ఆశ. ఆమె తినలేదు.

ఒకనాటి పొద్దున కాఫీ తెచ్చేసరికి ఒడీల్ తలగడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"కిటికీ పక్క చెట్టు పూసిందయ్యా," అంది.

"చూశాను. ఇవాళ గిల్లేస్తాను."

"మరిచిపోకు. నేను పడుకున్నాను కదా అని పని ఎగ్గొడితే ఊరుకోను."

మాట కటువుగానే ఉంది కానీ, ఆమె చూపు ఆ పువ్వుల మీదే ఉంది. ఎవరూ బతిమాలకుండానే కాఫీ సగం తాగింది. పండ్ల పాకం రాసిన రొట్టె ముక్క తింది. ఇన్ని వారాల్లో ఆమె తనంతట తాను తిన్న మొదటి తిండి అదే.

హ్యూబెర్ట్ తోటంతా గిల్లి, చివర్న కిటికీ చెట్టుకు నిచ్చెన వేశాడు. చెయ్యి చాచి, కిటికీ అద్దంలోంచి ఆమె ముఖం చూశాడు. ఆ చెయ్యి ముందుకు పోలేదు. ఒక్క కొమ్మే కదా, నాలుగు రోజుల్లో అదే రాలిపోతుంది కదా అనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తోటపని చేసిన రైతు, ఇంకెవడైనా అలా అనుంటే నోటికొచ్చినట్టు తిట్టేవాడు. నిచ్చెన దిగి లోపలికొచ్చాడు. ఆమె అడిగితే ఏం చెప్పాలా అని వెతుక్కున్నాడు. ఆమె అడగలేదు. మందుల మత్తులో మరిచిపోయిందనుకున్నాడు.

తర్వాత ఉక్క పట్టింది, ఉరుములతో వాన కురిసింది. జూలై వచ్చేసరికి ఆ కొమ్మ చివర చేతికర్ర పిడిలా వంగిపోయింది. ఆకులు మాడి నల్లబడ్డాయి, రాలలేదు. బెరడు మీద తేనెరంగు బొట్లు ఊరాయి. కొమ్మను చాలా కిందికి కోసేసినా లాభం లేకపోయింది. పక్క చెట్టుకు, దాని పక్క చెట్టుకు తెగులు అంటుకుంది.

లియాన్ వచ్చి చూసి, వెక్కిరింత మానేసి టోపీ తీశాడు.

"ఎలా వచ్చిందిరా? నువ్వు గిల్లుతావుగా?"

హ్యూబెర్ట్ రంపం తుడుచుకుంటూ పక్క చెట్టు దగ్గరికి నడిచాడు.

తెగుళ్ళు తనిఖీ చేసే సర్కారు ఆయన వచ్చి, ఇంటి ముందు వరసలన్నీ కొట్టి కాల్చేయాలన్నాడు. వాళ్ళ పెళ్ళయిన ఏడాది ఇద్దరూ కలిసి నాటిన చెట్లవి. ఎండ కొడుతోందని వంక చెప్పి హ్యూబెర్ట్ మంచాన్ని గోడవైపు తిప్పాడు. ఆమె కళ్ళు మూసేలోగా ఈ సంగతి తెలియకూడదు, అదొక్కటే వాడి పట్టుదల.

పొగ మాత్రం గోడకు ఆగదు.

"ఏం కాలుస్తున్నారు?" అంది ఒడీల్.

"పాత కొమ్మలు."

"జూలైలో కొమ్మలు కాల్చేవాణ్ణి నేను చేసుకోలేదే."

హ్యూబెర్ట్ మంచం అంచున కూర్చున్నాడు. చేతులకు మసి ఉంది.

"ఆ పువ్వులు నేను గిల్లలేదు, ఒడీల్."

"తెలుసు. నువ్వు నిచ్చెన దిగి రావడం చూశాను. కేకేద్దామని నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "చిన్నప్పట్నుంచీ వాటిని గిల్లుతూనే ఉన్నాను. పూర్తిగా విచ్చితే ఎలా ఉంటాయో ఏనాడూ చూడలేదయ్యా. చూడాలనిపించింది. నువ్వొక్కడివే చేసినట్టు మొయ్యకు."

హ్యూబెర్ట్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ చెట్టు ఉందా?"

"ఉంది. దాని మీదికి చెయ్యి రావడం లేదు."

"లియాన్ తోట పక్కనే ఉంది, దానికీ అంటుకుంటుంది. ఇవాళే కొట్టు. మంచం కిటికీవైపు తిప్పి వెళ్ళు."

తిప్పాడు. లియాన్ తాడు పట్టుకున్నాడు, హ్యూబెర్ట్ రంపం పట్టాడు. చెట్టు గడ్డిలో ఒరిగింది. ఇన్నేళ్ళూ దాని నీడలో ఉన్న గదిలోకి ఒక్కసారిగా వెలుగు పడింది, మంచం మీద ఒడీల్ ఎంత చిక్కిపోయిందో అప్పుడు తెలిసింది. లియాన్ ముఖం తిప్పుకున్నాడు.

ఆమె చెయ్యెత్తింది. పిలుస్తోందనుకుని హ్యూబెర్ట్ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. పిలవడం లేదు, వేలు చూపిస్తోంది. కొట్టేసిన చెట్ల అవతల, మిగిలిన మొదటి వరసలోకి. వాడికేమీ కనబడలేదు. వేలు చూపినవైపే నడిచి, ఆకులు తప్పించి చూశాడు. తెల్లటి పువ్వొకటి, అప్పుడే విచ్చుకుంటోంది.

గిల్లి, తెచ్చి, కిటికీ అద్దం అవతల నిలబడి అరచేయి తెరిచి చూపించాడు. ఒడీల్ చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత, పని అయిందన్నట్టు తల ఊపింది.