చల్లనీళ్ళ చోటు

పడవ కదిలేలోపే మామ మళ్ళీ వల కడగడం మొదలుపెట్టాడు. పలచని గుడ్డలాంటి పొడుగాటి వల, దాని కొసన గాజుగిన్నె. కంటికి సరిగా ఆనని సముద్రజీవులు అందులో చేరతాయి. వాటిని పరీక్షించే ఈ పడవలో అందరికీ అతను మామే. ఉప్పుకు పగిలిన చేతులు ఊరికే ఉండవు. ఇవాళ మరీను.

తెల్లారినప్పటినుంచి ఛాతీలో పట్టేసినట్టుంది. చెబితే భార్య గడప దాటనిచ్చేది కాదు. డ్రైవర్‌కు తెలిస్తే పడవ వెనక్కి తిప్పుతాడు. ఏటా ఈ రోజుల్లో అడుగునుండే చల్లనీరు ఒకచోట పైకొస్తుంది. ఈ ఏడు ఇంకా రాలేదు. రేపటినుంచి పని మానేస్తున్న మామకిదే ఆఖరి ప్రయాణం. దాన్ని చూడకుండా దిగిపోవడం అతనివల్ల కాదు.

"కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? కూర్చో మామా," అన్నాడు డ్రైవర్.

"నేను కూర్చుంటే నువ్వు కునుకు తీస్తావు. పడవ పోనీ."

బకెట్‌తో నీళ్ళు తోడి చెయ్యి పెట్టాడు. గోరువెచ్చన. కాసేపాగి మళ్ళీ తోడాడు. అంతే. విసుక్కుంటూ ఇంకోసారి తోడితే చెయ్యి జివ్వుమంది.

"వచ్చేసిందిరా అల్లుడూ!"

వల వేసి లాగారు. పచ్చటి నురగతో బరువుగా వచ్చింది. వలకంటుకున్నవి గిన్నెలోకి జారేలా కడగాలని, డ్రైవర్ ఉత్సాహంకొద్దీ వల లోపలికి బకెట్‌తో నీళ్ళు పొయ్యబోయాడు.

"ఆగు. బయటినుంచి పొయ్యి. లోపల పోస్తే ఆ నీళ్ళతో పిలవని చుట్టాలు దిగుతారు. లెక్క పాడు."

పరీక్షలు చేసే అమ్మాయి మామను పిలిచి భూతద్దంలో చూపించింది. గాజులాంటి పురుగు. లోపల గుండె గబగబా కొట్టుకుంటోంది.

"చచ్చి అడుక్కి పోయినవాటి సారమంతా ఈ నీటితో పైకొస్తుంది మామా. ఎండ తగిలి పచ్చగా మొలుస్తుంది. ఆ పచ్చదనమే వీటి తిండి. చేపలకేమో ఇవి."

"ఎంత సంసారమమ్మా," అన్నాడు. ఇన్నేళ్ళూ కడిగినందుకు అతనికి చాలా సంతోషమేసింది. "ఇంకోసారి వేద్దాం."

వల దింపి, అంచుకు ఆనుకుని, బకెట్‌లో చెయ్యి ఉంచి కూర్చున్నాడు. వల పైకొచ్చినా లేవలేదు. డ్రైవర్ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. నీళ్ళ చలి అనుకున్నాడు.

"లే మామా, నీ చుట్టాలొచ్చారు."

రెండోసారి పిలిచి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఊపిరి లేదు. పడవ వెనక్కి తిప్పాడు. అమ్మాయి ఏడుస్తూనే వల కడిగింది, బయటినుంచే.

మామ తువ్వాలు మీద పెట్టిన గాజుగిన్నెలో, ఆ చల్లనీళ్ళలో, ఆ గాజుపురుగులన్నీ ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.