తుడిచిన గోడ

ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను అటు తిరిగిన క్షణంలో పాప ఊపిరి ఆగిపోతుందని. పాలు పొంగుకొస్తుంటే పొయ్యి కట్టేసి పరిగెత్తుకొచ్చి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. స్నానానికి వెళ్తే తలుపు గడియ వెయ్యదు. వేలికి వెచ్చగా గాలి తగిలాకే తన ఊపిరి తను పీల్చుకుంటుంది. "నువ్వు చూస్తేనే పీలుస్తోందా ఏంటి పిల్ల?" అంటుంది అత్తగారు. నిజానికి ఆమె అలాగే అనుకుంటోంది మరి.

గోడ తుడవడం కూడా ఆ భయంలోంచే మొదలైంది.

ఇల్లు ఇటుకలతో కట్టిందే గానీ, పాప గదికి మాత్రం లోపలి వైపు గడ్డి పలకలు బిగించి ఉన్నాయి. వరిగడ్డినీ పాత కాగితాల గుజ్జునీ కలిపి, వేడి మీద గట్టిగా అదిమి చేసే పలకలవి. భర్త పనిచేసే కంపెనీ వాటిని తయారు చేస్తుంది. అతని పని వాటిని చేయడం కాదు, వాటి లెక్క తేల్చడం. గడ్డి పొలంలో మొలిచిన దగ్గర్నుంచి, పలకై గోడలో బతికి, చివరికి మట్టిలో కలిసేదాకా పొగా చెత్తా అన్నీ కలిపి భూమికి ఎంత బరువవుతుందో చెప్పాలి. సిమెంటు పలక కన్నా తక్కువ బరువని తేలితే, పనివాళ్ళ కోసం కట్టబోయే కొత్త కాలనీ మొత్తానికి ఇవే వేస్తారు. మనుషులు కాపురముంటే ఎలా నిలుస్తాయో కూడా చూడాలి కాబట్టి రెండిళ్ళు ఎంచుకున్నారు. ఒకటి వీళ్ళది. రెండోది కంపెనీ వ్యాను నడిపే డ్రైవరుది.

పెళ్ళయిన కొత్తలో అతను ఆ లెక్కల గురించి చెబుతుంటే కంచంలో చెయ్యి ఎండిపోయేదాకా వినేది ఆమె. డిగ్రీ రెండో ఏడు సగంలో ఉండగా పెళ్ళి చేసేశారు. పుస్తకాలు అట్టపెట్టెలోకి, అట్టపెట్టె అటక మీదకి వెళ్ళిపోయాయి. అందుకే ఎవరైనా ఏదైనా విడమరిచి చెబితే చాలు, ఆకలి మర్చిపోయేది. "గడ్డిపరకకి కూడా జీవితచరిత్ర రాస్తారా మీరు?" అని ఒకసారి నవ్వితే అతనూ నవ్వాడు. ట్రాక్టరు తాగే డీజిలు, గడ్డిని అదిమే యంత్రానికి కరెంటు, జిగురు, లారీ ప్రయాణం, ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. "గడ్డి దింపేశాక లారీ ఖాళీగా వెనక్కి పోతుంది కదండీ, మరి దాని సంగతి?" అని అడిగిందామె. అతను తినడం ఆపి ఆమె వైపు చూశాడు. "భలే అడిగావే. ఖాళీ లారీని కూడా లెక్కెయ్యాలి. అది వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే. నువ్వు గానీ చదువుకుని ఉంటే నా ఉద్యోగం ఊడేది" అన్నాడు. ఆ మాటని ఆమె మంచి చీరలా మడతపెట్టి దాచుకుంది. మనసు బాగాలేనప్పుడు తీసి చూసుకునేది.

వానలు మొదలయ్యాక పాప గదిలో బీరువా వెనక మిరియపు గింజల్లాంటి నల్లమచ్చలు కనిపించాయి. చూస్తుండగానే ఒకదానితో ఒకటి కలిసి అరచేయంత అయ్యాయి. దగ్గరికెళ్తే తడిసిన గోనెసంచి వాసన. అప్పటికే పాప దగ్గుతోంది. భర్తకి చూపిస్తే ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "తుడిచెయ్" అన్నాడు. అంతే. తుడిచేసింది. మర్నాడు మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తుడిచింది. అప్పట్నుంచి అతను ఆఫీసుకి వెళ్ళగానే పాపని హాల్లో అత్తగారి దగ్గర పడుకోబెట్టి, బీరువా జరిపి, మంచం జరిపి, వెనిగర్ కలిపిన నీళ్ళతో ఒకసారీ పొడిగుడ్డతో ఒకసారీ నాలుగు గోడలూ తుడుస్తోంది. బీరువా జరిపేటప్పుడు కాన్పు నాటి కుట్లు లోపలెక్కడో లాగుతాయి. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి పగిలాయి. ఆ చేత్తో పాప ముక్కు దగ్గర గాలి చూసుకుంటే, పగిలిన చోట ఆ వెచ్చదనం ఇంకాస్త బాగా తెలిసేది. సాయంత్రం భర్త వచ్చి ఫోనుతో గోడల్ని ఫోటోలు తీసుకునేవాడు. గోడలు కడిగిన ముత్యాల్లా ఉండేవి. "నీ చేతి చలవ" అన్నాడొక రోజు. పాప పుట్టాక అతని నోటి నుంచి ఆమె గురించి వచ్చిన మంచిమాట అదొక్కటే. ఆ పూట వంటింట్లో తనకి తెలియకుండానే కూనిరాగం తీసింది.

పిచ్చుక కనిపించింది పిల్లల ఆస్పత్రిలో. డ్రైవరు భార్యని వాళ్ళాయన అలాగే పిలుస్తాడు, నోరు మూతపడదని. మనిషి కూడా పిడికెడే. పొద్దున్నే ఆఫీసు గదులు శుభ్రం చేసే పనికి పోతుంది. ఒళ్ళో ఇంకా బోర్లా పడటం కూడా రాని కొడుకు. వాడి ఛాతీలోంచి పిల్లి గురకలా చప్పుడు.

"అక్కా, మా గోడకి చిరుతపులి తోలొచ్చిందక్కా" అంది పిచ్చుక పక్కన కూర్చుంటూ. "ఒళ్ళంతా నల్లమచ్చలే. దాన్ని చూసి మావాడు కూడా గుర్రుమనడం నేర్చుకున్నాడు." తన మాటకి తనే నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "మీ ఇంట్లో రాలేదా?"

"తుడుచుకుంటే పోతాయి" అందామె.

నోరు దాటాక గానీ తెలియలేదు, ఆ మాట ఎవరిదో. గొంతు ఆమెదే. తలెత్తకుండా చెప్పిన ఆ తీరు మాత్రం మొగుడిది.

"తుడుస్తానక్కా" అంది పిచ్చుక. "ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ తుడిచొచ్చేసరికి నా గోడ దగ్గర చెయ్యి లేవదు. సెలవు రోజున తుడుస్తా." అని కొడుకు వీపు నిమురుతూ ఉండిపోయింది. లోపల్నుంచి పిలుపొస్తే లేచి వెళ్ళింది. నోరు మూతపడదన్న మనిషి, ఆ తర్వాత ఒక్క మాటా మాట్లాడలేదు.

కొన్నాళ్ళకి భర్త ఇంట్లో ఉపన్యాసం వల్లెవేసుకున్నాడు. మర్నాడు కంపెనీ పెద్దల ముందు లెక్కంతా చెప్పాలి. హాల్లో నిలబడి, వాళ్ళమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఊపుతూ చెబుతున్నాడు. ఆమె పాప బట్టలు మడతపెడుతూ వింటోంది. డీజిలు వచ్చింది. జిగురు వచ్చింది. ఖాళీ లారీ కూడా వచ్చింది. ఆ మాట వినగానే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది నేను అడిగిందే కదా అని. అప్పుడు అతను అన్నాడు: "రెండిళ్ళల్లో పరీక్షించాం. ఒక ఇంట్లో వాడకం సరిగ్గా లేనందువల్ల ఆ ఇంటిని లెక్కలోంచి తీసేశాం. మరో ఇంట్లో ఎలాంటి నిర్వహణా లేకుండానే పలకలు చెక్కుచెదరలేదు."

"ఎలాంటి నిర్వహణా లేకుండానా?" అందామె.

"అంటే రంగు వెయ్యలేదు, మందు కొట్టలేదు."

"నేను రోజూ తుడుస్తున్నా కదండీ."

"ఇల్లు అందరూ తుడుచుకుంటారు."

"నేల తుడుచుకుంటారు. గోడలెవరు తుడుస్తారు, రోజూ?"

అత్తగారు కొడుకు వైపు చూసి నవ్వింది. "గోడకి కూడా జీతం అడిగేలా ఉందిరా నీ పెళ్ళాం."

"పిచ్చుక వాళ్ళ ఇంటినేనా తీసేసింది?"

"వాళ్ళకి శుభ్రత లేదు. ఫోటోల్లో గోడలన్నీ నల్లమచ్చలే. నీలా ఉంచుకుంటే వచ్చేవే కావు."

నీలా. ఆ మాటకి మొన్నటిదాకా ఆమె పొంగిపోయి ఉండేది. ఇప్పుడు మడతపెడుతున్న గౌను పక్కన పెట్టేసింది. తన చెయ్యి ఆడబట్టే ఆ గోడలు మంచివయ్యాయి. పిచ్చుక చెయ్యి ఆడక పిచ్చుక చెడ్డదయింది. పలకకి మాత్రం ఏ మచ్చా అంటలేదు. రేపు కాలనీలో ఎన్ని గదులుంటాయో, ఒక్కో గదిలో ఏ పిల్ల దగ్గుతుందో, ఏ తల్లిని పట్టుకుని ఏ అత్తగారు శుభ్రత లేదంటుందో.

"ఖాళీ లారీని లెక్కేస్తారు కదండీ" అంది మెల్లగా.

అతను చేతులు ఊపడం ఆపాడు. ఆ రోజు సంగతి గుర్తొచ్చిందేమో అని ఆమె ఆశగా చూసింది. గుర్తు రాలేదు. "లారీకి డీజిలు కావాలి" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "మనిషి పని లెక్కలోకి రాదు. అది నేను పెట్టింది కాదు, పద్ధతి. మనిషి పనిచేసినా చెయ్యకపోయినా తింటాడు, ఊపిరి పీలుస్తాడు. అందుకని వదిలేస్తారు." మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

అతను అబద్ధాలకోరు కాదు, ఆమెకి తెలుసు. కూరగాయల దుకాణంవాడు చిల్లర ఎక్కువిస్తే వెనక్కి వెళ్ళి ఇచ్చొచ్చే మనిషి. అదే ఆమెని ఎక్కువ ఏడిపించింది. దాచి ఉంటే దొరికేవాడు, పోట్లాడేది. దాచలేదు. సెలవు రోజుల్లో ఆమె బీరువా జరపడం కళ్ళారా చూశాడు, చేతులు పగలడం చూశాడు, ఆ చూసినదాంట్లో పని అనేది ఒకటుందని అతనికి అనిపించనే లేదు. గాలి ఉందని ఎవరు గమనిస్తారు, అది ఆగిపోతే తప్ప?

మర్నాడు ఆమె గోడ తుడవలేదు. పాప మంచాన్ని హాల్లోకి లాక్కొచ్చి వేసింది. "హాల్లో పురిటి మంచమేంటి, ఎవరైనా వస్తే?" అంది అత్తగారు. "వస్తే కూర్చోబెడదామత్తయ్యా" అని, పాపని భుజానేసుకుని బయల్దేరింది, పిచ్చుక ఇంటికి. దారంతా చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటూనే ఉంది. మా ఇంట్లోనూ వచ్చాయి. నీ తప్పు కాదు. నాకు అత్తగారు పాపని చూసుకునేది, నీకెవరూ లేరు, అంతే తేడా.

తలుపుకి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే గదిలో ఏమీ లేదు. పలకలు కూడా కంపెనీవాళ్ళు ఊడదీసుకుపోయారు. వాటి మచ్చలు మాత్రం వెనకనున్న ఇటుకల మీదికి దిగి ఉన్నాయి.

పక్క వాటా ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఖాళీ చేసేశారమ్మా. పిల్లాడికి ఊపిరాడటం లేదని ఆస్పత్రిలో వేశారు. ఆ తర్వాత సామాను తీసుకెళ్ళిపోయారు."

"ఎక్కడికి?"

"ఏమో. కంపెనీలో మాటొచ్చిందంట, పని మానేశాడు. ఇల్లు పాడుచేశారని ఇంటాయన కూడా నానా మాటలన్నాడు."

"పిల్లాడెలా ఉన్నాడు?"

ఆవిడ నేల వైపు చూసింది. "సామానుకి డ్రైవరొక్కడే వచ్చాడు. ఆయన మొహం చూసి నేనడగలేకపోయానమ్మా."

భుజం మీద పాప దగ్గింది. ఆమె చెయ్యి దానంతటదే పాప ముక్కు దగ్గరికి పోయింది. వెచ్చగా తగిలింది. జీవితంలో మొదటిసారి, ఆ వెచ్చదనం ఆమెకి సరిపోలేదు.

ఆ సాయంత్రం అతను మిఠాయి పెట్టెతో వచ్చాడు. లెక్క ఒప్పుకున్నారట, కాలనీకి ఈ పలకలేనట. ఆమె పెట్టె అందుకుని బల్ల మీద పెట్టింది. విప్పలేదు. ఆ తర్వాత కూడా వాన వదల్లేదు. గోడ మీద మిరియపు గింజలు మొలిచాయి, అరచేతులయ్యాయి, దుప్పటంత అయ్యాయి. ఆ వాసనకి అత్తగారు అటు వెళ్ళడమే మానేసింది. అతను గుమ్మంలో నిలబడి "ఏమైంది, ఒంట్లో బాలేదా? తుడవట్లేదేం?" అన్నాడు.

"ఇప్పుడు తియ్యండి ఫోటో" అందామె. "ఇదీ మీ పలక. ఇన్నాళ్ళూ మీరు తీసింది నా చెయ్యి."

అతను ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తీశాడో లేదో ఆమె చూడలేదు. తీసినా ఎవరికి చూపిస్తాడో తెలియదు. ఆ గోడని మాత్రం ఆమె మళ్ళీ ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తుడిచే వేళకి పాపని ఎత్తుకుని ఆస్పత్రి వరండాలో కాసేపు కూర్చుని వస్తోంది. పిడికెడంత మనిషి ఎవరైనా గేటులోంచి వస్తే లేచి నిలబడుతుంది. పిచ్చుక ఫోను పనిచెయ్యడం లేదు. డ్రైవరు ఏ ఊరు పోయాడో కంపెనీలో ఎవరికీ తెలియదు.

కాబట్టి మీరొక పని చెయ్యాలి. మీ వీధిలోకి ఈ మధ్య ఎవరైనా కొత్తగా అద్దెకొచ్చి ఉంటే, ఆ ఇంట్లో మనిషి ఒకప్పుడు వాగుడుకాయ అయ్యుండి ఇప్పుడు నోరు విప్పడం లేదంటే, ఒకసారి తలుపు తట్టండి. గోడలెలా ఉన్నా ఏమీ అనకండి. ఒళ్ళో కొడుకుంటే మాత్రం, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి, గాలి తగులుతోందో లేదో చూసి రండి.