గుహలో ఆరిన కొవ్వొత్తి

అల్యానికో ద్రాక్ష అచ్చం మా ఆయనలాంటిది. ఓ పట్టాన దారికి రాదు, వచ్చాక ఎవరి మాటా వినదు. వుల్తురే కొండ కింద మా ఊళ్ళో తక్కిన ద్రాక్షలన్నీ పీపాలకెక్కాక గానీ దాన్ని కోయం. ఆ ఏడు కోత అయ్యేసరికి చలి ముంచుకొచ్చింది. వైన్ దాచుకునే మా గుహలో తొట్టిలోని రసం పులియడం మానేసి పడుకుంది. తీరా నవంబరులో మార్టిన్ పండుగకి ఎండ కాసింది. ఆ వెచ్చదనానికి రసం మళ్ళీ లేస్తుందని మా తెలివిగలవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

పండుగనాడు ఇంటింటా కొత్త వైన్ రుచి చూడాలి. మా మరిది కానియో కూజా, కొవ్వొత్తి పట్టుకుని గుహలోకి దిగాడు. పొంగే రసం వదిలే విషవాయువుకి కొవ్వొత్తి ఆరిందంటే అక్కడ ఊపిరాడదు, వెనక్కి పరుగెత్తాలి. మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకీ ఈ సంగతి తెలుసు. వాడు ఎంతకీ పైకి రాలేదు. వెళ్ళి గుమ్మంలోంచి చూస్తే నడిమి మెట్టు మీద ఆరిన కొవ్వొత్తి, చుట్టూ కాలిన అగ్గిపుల్లలు. ఆరినప్పుడల్లా మళ్ళీ వెలిగించి, చివరికి విసుగొచ్చి చీకట్లోనే దిగాడన్నమాట. కింద తొట్టి పక్కన బూట్లతో వాడి కాళ్ళు కనిపించాయి.

నా కేక విని మా ఆయన జెరార్దో పరుగెత్తుకొచ్చాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

“తప్పుకో, దొనాతా.”

“ముందు నడుముకి తాడు కట్టుకో.”

“అక్కడ పడున్నది నా తమ్ముడే.”

“నువ్వూ పడితే నీ కోసం ఎవర్ని పంపను? మీ పెదనాన్న కోసం దిగిన మీ నాన్న తిరిగొచ్చాడా?”

నన్ను పక్కకు నెట్టాడు. గోడరాయికి మోచెయ్యి చీరుకుపోయినా నేను గుమ్మం వదల్లేదు. ఈలోగా పొరుగాయన లూకాంతోనియో గాడిద తాళ్ళు రెండు తెచ్చాడు. ఒకటి జెరార్దో నడుముకి బిగించాం, రెండోది చేతికిచ్చాను.

“ఎత్తాలని చూడకు. వాడి కాళ్ళకి కట్టేసి వచ్చెయ్, లాగడం మా పని.”

ఊపిరి బిగపట్టి దిగాడు. తాడు కదిలింది, కాసేపటికి కదలడం ఆగింది. దేవుడా, ఇద్దరూ పోయారనుకున్నాను. లాగబోతుంటే ముఖం నల్లబడి, దగ్గుతూ పైకొచ్చాడు. ముగ్గురం కలిసి రెండో తాడు లాగాం. కానియో గడ్డి మీద శవంలా పడున్నాడు. రెండు చెంపలూ వాయించాను. వాంతి చేసుకుని, ఊపిరి పీల్చాడు.

జెరార్దో నా వైపు చూడకుండా అన్నాడు, “తాడు దొరక్కపోయుంటే నా తమ్ముణ్ణి చావనిచ్చేదానివి.”

“చావనిచ్చేదాన్నే. ఇద్దర్నీ మాత్రం పోనిచ్చేదాన్ని కాదు.”

“కొవ్వొత్తి గాలికి ఆరిందనుకున్నా, వదినా,” అని గొణిగాడు కానియో.

నేనన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు, ఆయనన్నది ఆయనా తీసుకోలేదు. చాలా రోజులు గడిచాయి. రసం మళ్ళీ చూడాల్సిన రోజున, జెరార్దో గుహ ముందు ఆగి, తాడు ఒక కొస నడుముకి కట్టుకున్నాడు. రెండో కొస తెచ్చి నా చేతిలో పెట్టి దిగాడు.